బండి కంటే ముందటి సంగతి

నిర్మల్

బిడ్డా,

నీ ఉత్తరం ఎంత పొడుగున్నా అందుల అసలు ప్రశ్న ఒక్కటే. తమ్ముణ్ని మనసు డాక్టరు దగ్గరికి తీస్కపోతే, కేసు నుంచి తప్పించుకునేటందుకు నాటకమాడుతున్రు అనరా పెద్దబాపూ, అని అడిగినవు. అంటరు. మన చుట్టాలల్లనే అనేటోళ్లున్నరు, వాళ్లెవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా తీస్కపో. జువెనైల్ జస్టిస్ బోర్డు తారీఖు దాక ఆగకు, ఈ వారమే తీస్కపో. కేసు కోసం కాదు, వాని కోసం.

ఎందుకో చెప్త. మాస్టరు కొలువు చేసినోని ఉత్తరం, జర పొడుగే ఉంటది.

అందరు ఈ కథను బండి కాడ మొదలుపెడుతున్రు. పాలాయన బండి పోయింది, ముగ్గురు దొరికిన్రు, అందుల మనోడొకడు. నువ్వు సుత అట్లనే మొదలుపెట్టి, మిగతా సంగతులు నడుమ నడుమ రాసినవు. నేను వాటిని తారీఖుల వరుసల పెట్టుకొని చదివిన. దసరా తర్వాత వాడు కబడ్డీకి పోవుడు బందు పెట్టిండు. మస్కట్ల మీ బాపు కంపెనీ జీతాలు ఆపింది గూడ అప్పుడే. సంక్రాంతి వరకు రాత్రంతా మేలుకొనుడు, పొద్దంతా పండుడు. అన్నం ముందర కూసోని రెండు బుక్కలు తిని లేచిపోవుడు. ఆ తర్వాత కాలేజీల ఒకన్ని కొట్టిండు. ఇంటర్ ఫస్టియర్ల రెండు సబ్జెక్టులు పోయినయి. కూరల ఉప్పు తక్కువైందని మీ అమ్మ ముందర పళ్లెం ఇసిరికొట్టిండు. ఇవన్నీ అయినంకనే ఆ ఇద్దరు పెద్ద పోరగాళ్ల దోస్తాని. బండి చిట్టచివరికి వచ్చింది. పోలీసోళ్ల కాగితంల మాత్రం అదే మొదటి వాక్యం.

డిప్రెషన్ అనంగనే మనకు మూలకు కూసోని ఏడ్చే మనిషి కండ్లల్ల మెదులుతడు. పెద్దోళ్లల్ల చాలమట్టుకు అట్లనే ఉంటది. పదిహేను పదహారేండ్ల పిల్లలల్ల అట్లనే ఉండాలని లేదు. డాక్టర్లు రోగం గుర్తువట్టేటందుకు చూసే డీఎస్ఎం అనే అమెరికా గ్రంథంల పిల్లలకు ప్రత్యేకంగ ఒక మాట రాసి ఉంది: దిగులు కనవడకపోయినా, దాని జాగల చిరచిర, కోపం ఉంటే అదే దిగులు కింద లెక్క. దాంతోపాటు నిద్ర, తిండి చెడుడు, ఇష్టమున్న పని మీద మనసు పోకపోవుడు, సత్తువ లేకపోవుడు, చదివింది తలకెక్కకపోవుడు, నేనెందుకూ పనికిరాను అనుకునుడు, చావు ఆలోచన. ఇసొంటివి మొత్తం ఐదు, రెండు వారాలకు తగ్గకుండ, మునుపటి మనిషికి తేడాగ కనవడితే డాక్టరు ఆ పేరు పెడ్తడు. నేను డాక్టర్ను కాదు, ఆ పేరు పెట్టేటందుకు నాకు హక్కు లేదు. నీ ఉత్తరంల ఎన్ని ఉన్నయో నువ్వే లెక్కపెట్టుకో.

ఇంకొకటి యాదికి తెచ్చుకో. 2019 ఏప్రిల్ల ఇంటర్ ఫలితాలు తప్పులతోని వచ్చినప్పుడు ఇరవై మందికి పైగ పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. రాష్ట్రమంతా అయ్యో అన్నది. పోయిన పిల్లల బాధ అందరికీ అర్థమైంది. అదే ఫెయిలు కాగితం చేతుల పట్టుకొని ఇంటికి పోకుండ గోదావరి ఒడ్డున తాగి, ఎవని బండో ఎత్తుకపోయిన పోరగాని గురించి ఎవడన్న అయ్యో అన్నడా? బాధ లోపలికి మళ్లితే పాపం అంటం, బయటికి మళ్లితే దొంగ అంటం. నేను జువెనైల్ బోర్డుల సోషల్ వర్కర్ మెంబరుగ కూసున్న కాలంల ఈ రెండో రకం పిల్లలనే చూసిన. ఒక్కొక్కని సామాజిక నివేదిక చదువుతుంటే, నేరం కంటే ముందు ఏడాది వరకు ఇంట్ల ఏదో ఒకటి కూలిపోయి ఉంటది. పేర్లు, ఊర్లు నీకు చెప్పను, చెప్పొద్దు సుత.

ఇది నా ఒక్కని అనుభవం అనుకోకు. 1972ల సిట్రిన్, మెక్‌న్యూ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు పిల్లలల్ల ముసుగు డిప్రెషన్ అని ఒకటి ఉంటదని రాసిన్రు. పైకి అల్లరి, కొట్లాటలు, లోపల దిగులు. ఆ ముసుగు మాట తర్వాత వాడుకల నిలవలేదు. ఎందుకంటే, ఎదురుంగ కూసోబెట్టుకొని సూటిగ అడిగితే పిల్లలే దిగులు సంగతి చెప్తున్రు, దాన్ని తవ్వితీసే పనే లేకపాయె. ఎవరూ అడగలేదు, అంతే. 1999ల ఆంగోల్డ్, కాస్టెల్లో, ఎర్కన్లి అనేటోళ్లు అప్పటిదాక వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన్రు. దుడుకు ప్రవర్తన రోగం కింద లెక్కకొచ్చే పిల్లలకు డిప్రెషన్ గూడ ఉండే అవకాశం మిగతా పిల్లలకంటే ఆరు రెట్లకు పైనే అని తేలింది. 2008ల సీనా ఫజెల్, ఆయన తోటివాళ్లు నిర్బంధంల ఉన్న దాదాపు 16,750 మంది పిల్లల లెక్కలు తీసిన్రు. మగపిల్లలల్ల 10.6 శాతం మందికి, ఆడపిల్లలల్ల 29.2 శాతం మందికి తీవ్రమైన డిప్రెషన్. ఇవి ఎక్కువగ పడమటి దేశాల లెక్కలు. మన దగ్గర నిమ్హాన్స్ 2015–16ల చేసిన జాతీయ సర్వే 13 నుంచి 17 ఏండ్ల పిల్లలల్ల 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందన్నది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాలల్ల తెలంగాణ లేదు.

అయితే దిగులే దొంగతనం చేయిస్తదని రాసుకోకు. అది తప్పు. రంది పడ్డ పిల్లలల్ల చాలమంది ఎవని సొమ్ముకూ ఆశపడరు, ఎవని మీదా చెయ్యెత్తరు. తప్పు చేసిన పిల్లలందరికీ రంది ఉండాలని గూడ లేదు. టెర్రీ మోఫిట్ అనే ఆమె 1993ల రాసింది: పడుచు వయసుల హద్దు దాటే పిల్లలల్ల చాలమంది వయసు వచ్చినంక వాళ్లంతట వాళ్లే ఆగిపోతరు, కొద్దిమందే జీవితమంతా అదే తోవల పోతరు. ఇగ కోపమంటే రోగమే అనేటోళ్లంటే గూడ నాకు పడదు. 1978ల జగిత్యాల, సిరిసిల్ల దిక్కు దొరల మీద లేచిన పిలగాండ్లకు కోపమే ఉండె. దానికి కారణం పొలంల ఉండె, గడీల ఉండె. దాన్ని దవాఖానల చూపించాలె అనేటోడు ఉంటే వాణ్నే చూపించాలె. మీ తమ్ముని కోపం అసొంటిది కాదు. దేని మీదనో వానికే తెలువదు. కూర మీద, పళ్లెం మీద పడుతుంది.

వాడు దొరికినప్పటి నుంచి కొత్తగ ఇంకోటి మొదలైతది, నాకు అసలు బుగులు దాని గురించే. ఒరెగాన్ల పాటర్సన్, కపాల్డి అనేటోళ్లు మగపిల్లలను ఏండ్ల తరబడి చూసి చెప్పిందేందంటే, బాణం తప్పు నుంచి దిగులు దిక్కు గూడ పోతది. తప్పు చేసిన పిల్లగాన్ని దోస్తులు విడుస్తరు, బడి విడుస్తది, ఇల్లు మొఖం తిప్పుకుంటది. ఆ ఓటమే మళ్ల వాణ్ని దిగులుల ముంచుతది. మనోడు ఇప్పుడు రెండో దిగులు అంచున ఉన్నడు. మీ అమ్మ వానితోని మాట్లాడుతలేదని రాసినవు. ఆమె బాధ నాకెరుకే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ఫీజు కట్టిన తల్లి. కని మాట్లాడమను. అన్నం తిన్నవా అని అడిగినా చాలు. ఇంకో పని, దీనికి నన్ను అడుగుడు అక్కర లేదు: కొట్టంల ఉన్న పత్తి మందు డబ్బాలన్నీ ఈ పూటనే తీసి మీ మేనమామ ఇంటికి పంపు. రాత్రి పూట వాడు ఒక్కడే అర్రల పండొద్దు.

నువ్వు వాన్ని అడగాలె. మీ బాపు కాదు, నేను కాదు, నువ్వు. ఎందుకు చేసినవురా అని కాదు, ఆ ప్రశ్న వానికి ఠాణల చాలసార్లు పడ్డది. నిద్ర పడుతుందా అని అడుగు. కబడ్డీకి పోవుడు ఎందుకు ఇడిసినవని అడుగు. చచ్చిపోవాలనిపించిందా అని సుత సూటిగ అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిచ్చినట్టయితదని మన ఊర్లల్ల అనుకుంటరు. అట్ల కాదు, అడిగినందుకు బరువు దిగుతదని ఈ పని చేసేటోళ్లందరు చెప్తరు. అవునన్నడంటే వాన్ని ఇడిచిపెట్టి ఇవతలికి రాకు, ఆ రాత్రే 14416కు ఫోన్ కొట్టు. టెలిమానస్ అంటరు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఏ వేళకైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు లేవు.

మన దిక్కు పిల్లల సంగతి మనం పుస్తకాలల్ల వెతికేది లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఇటు నిర్మల్, ఖానాపూర్ దాక ఎన్ని ఇండ్లల్ల తండ్రి ఫోన్లనే ఉన్నడు! పిల్లగాడు మూడేండ్లున్నప్పుడు గల్ఫ్‌కు పోతడు, వానికి మీసం వచ్చినంక వస్తడు. నడుమ వచ్చే రెండు నెలల సెలవుల అప్పులు, ఇల్లు కట్టుడు, పెండ్లి పంచాదులు. వీడియో కాల్ల కనవడే తండ్రి మార్కులు అడుగుతడు, తిడుతడు, ఫోన్ పెడుతడు. తప్పు ఆ తండ్రిది అనను. ఎండల కాళ్లు కాలుతుంటే ఆయనకు మాత్రం ఆ పది నిమిషాలల్ల ఇంకేం మాట్లాడాలె? జీతం ఆగిన సంగతి మీ బాపు నాకు చెప్పిండు, మీ అమ్మకు చెప్పిండు, వానికి చెప్పలేదు. కని వానికి తెలుసు. పదహారేండ్ల పోరగానికి ఇంట్ల అప్పుల మాట గోడ అవతలి నుంచి వినవడకుండ ఉంటదా? వాడు అమ్మను అడగలేడు, బాపును అడగలేడు. ఇంటికి పెద్ద కొడుకుగ ఏదన్న చెయ్యాలె, ఏమీ చెయ్యలేడు. ఆ ఇద్దరు పెద్దోళ్లు వానికి చూపించింది పైసల తోవ. సిగరెట్లో, ఇంకేదో గూడ అలవాటు చేసి ఉంటరు. మన దిక్కు కల్తీ కల్లు నుంచి గంజాయి దాక, పిల్లలు నిషా కోసం తాగుతున్నరని మనమనుకుంటం. నిద్ర కోసం తాగేటోళ్లు గూడ ఉన్నరు.

ఇసొంటి దిగులు నేను మొదలు చూసింది నా మొదటి కొలువుల, ఉట్నూరు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల. ఆరేడేండ్ల గోండు, కొలాం పిల్లలను గూడెం నుంచి తెచ్చి హాస్టల్ల పెట్టేటోళ్లు. ఇంట్ల గోండి లేకుంటే కొలామి, బడిల తెలుగు. కొందరు ఒక రాత్రి అడివి తోవ పట్టి ఇంటికి నడిచిపోయేది. రిజిస్టర్ల మేం రాసేది ఒకటే మాట: పారిపోయిండు. దొరికించుకొని తెచ్చినంక మళ్ల కొన్ని దినాలు ఎవరితోని మాట్లాడకుండ, పక్కోన్ని కొరికి, గిచ్చి, ప్లేట్లు ఇసిరేసి లొల్లి చేసేది. అసొంటోన్ని మొండిఘటం అనేటోళ్లు. తల్లిమీది రంది అని ఏ ఒక్క రిజిస్టర్ల రాయలేదు, దానికి ఖానా లేదు. దానికంటే ముందు, 1940లల్ల హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అదే దిక్కు మార్లవాయిల బడి పెట్టించినప్పుడు గోండు పిల్లలకు గోండిలనే పుస్తకాలు తయారుచేయించిండు, గోండు పంతుళ్లనే తయారుచేసిండు. పిల్లగాని మాట అర్థమయ్యే మనిషి బడిల ఉండాలెనన్న సోయి ఆ కాలంలనే ఒకాయనకు ఉండె.

అందుకే మీ బాపు ఫోన్ల అన్న మాటకు నేను ఒప్పుకోను. వాన్ని హైదరాబాద్ల గట్టి హాస్టలున్న కాలేజీల ఏస్తే సక్కగైతడట. లేకుంటే పద్దెనిమిది నిండంగనే మస్కట్ పిలిపించుకుంటడట. తాళమేసిన గేటు వెనుక, తెలిసిన మొఖం ఒక్కటి లేని కాడ, దిగులు పెరుగుతదే గని తరుగదు. కొట్టుడు గూడ అంతే. ఈ సంగతి మీ బాపుతోని నేనే మాట్లాడుత. నువ్వు ఆయనతోని కొట్లాడకు.

ఇగ చట్టం. జువెనైల్ జస్టిస్ చట్టం 2015ల వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమలైంది. పద్దెనిమిది నిండని పిల్లగాన్ని లాకప్ల పెట్టొద్దు, జైల్ల పెట్టొద్దు, 24 గంటలల్ల బోర్డు ముందర హాజరుపరచాలె. బోర్డు అంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు, అందుల కనీసం ఒకరు ఆడమనిషి. మామూలు దొంగతనానికి మొదటిసారైతే పెద్దోళ్లకైనా మూడేండ్లకు మించి శిక్ష లేదు కాబట్టి పిల్లల చట్టంల అది చిన్న నేరం కిందికే వస్తది. మామూలుగ అయితే చిన్న నేరానికి పిల్లల మీద ఎఫ్ఐఆర్ గూడ రాయరు. మనోని మీద ఎందుకు రాసిన్రంటే పెద్దోళ్లతోని కలిసి చేసిండని. ఆ పెద్దోళ్ల సంగతి గూడ చట్టంల ఉంది: పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకున్న పెద్దోళ్లకు సెక్షన్ 83 కింద ఏడేండ్ల దాక కఠిన శిక్ష, ఐదు లక్షల జరిమానా. వకీలుకు ఈ ముక్క చెప్పు.

మీ అమ్మకు అన్నిటికంటే పెద్ద భయం పాస్‌పోర్టు గురించి. కేసైతే పిల్లగాని బతుకు అయిపోయినట్టే అని. సెక్షన్ 24 చదివించు. ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లగానికి ఆ తప్పు వల్ల రేపు ఏ అనర్హతా రావొద్దు, గడువు తీరినంక రికార్డు గూడ తీసెయ్యాలె. బోర్డు తప్పు రుజువైందన్నా చేసేదేంది? మందలించి ఇంటికి పంపొచ్చు, కౌన్సెలింగుకు పొమ్మనొచ్చు, సమాజ సేవ చెయ్యమనొచ్చు, ప్రొబేషన్ మీద తల్లిదండ్రులకు అప్పజెప్పొచ్చు. ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికొచ్చి అడుగుతడు. ఆయన ముందర బంగారు పిల్లగాడు సారూ, దోస్తులే చెడగొట్టిన్రు అని ఇల్లంతా ఒక్క పాట పాడకున్రి. కబడ్డీ బందైన కాడి నుంచి తారీఖులతోని చెప్పు. డాక్టరు చీటి ఉంటే చూపెట్టు. అది నాటకమెట్లయితది? బోర్డుకు కావాల్సిందే అది.

డాక్టరు దగ్గర ఏమైతదో గూడ చెప్త, మీ అమ్మ కరెంటు షాకులని భయపడుతుంది కదా. మాట్లాడుతరు. వాన్ని ఒక్కన్నే కూసోబెట్టి మాట్లాడుతరు, తర్వాత మిమ్ముల్ని పిలుస్తరు. తేలికగ ఉంటే మాటలతోనే వారం వారం రమ్మంటరు. గట్టిగ ఉంటే గోలి గూడ రాస్తరు. 2004ల అమెరికాల 439 మంది డిప్రెషన్ పిల్లల మీద పరీక్ష చేస్తే, గోలి, మాటల వైద్యం రెండూ ఇచ్చినోళ్లల్ల పన్నెండు వారాలకు 71 శాతం మందికి గుణం కనవడ్డది. ఉత్తుత్తి గోలి ఇచ్చినోళ్లల్ల 35 శాతం మందికే. అయితే ఆ మందులు మొదలుపెట్టిన కొత్తల కొందరు పిల్లలకు చావు ఆలోచనలు ఎక్కువైతయి, మొదటి వారాలు కనిపెట్టుకోని ఉండాలె, ఇష్టమొచ్చినప్పుడు ఆపొద్దు. అందుకే ఊర్ల ఆర్‌ఎంపీ ఇచ్చే నిద్రగోలీలు వద్దే వద్దు. ముందుగాల జగిత్యాల సర్కారు దవాఖానల మానసిక విభాగం ఏ దినం నడుస్తదో అడుగు. లేకుంటే కరీంనగర్. అదీ కుదరకుంటే ఇటు నా దగ్గరికి పట్టుకరా, ఆదిలాబాద్ రిమ్స్‌కు నేను తీస్కపోత.

పాలాయన గురించి నువ్వొక్క ముక్క రాయలేదు. ఆయన గోస సుత గోసే. ఆ బండి మీదనే క్యాన్లు కట్టుకొని ఊరూరు తిరుగుతడు. బండి ఠాణల పడి ఉన్నన్ని దినాలు ఆయన పాలు ఎట్ల పోసిండో మనమెవరం అడగలేదు. మనసు బాగలేకపోవుడు నిజం, బండి ఎత్తుకపోవుడు గూడ నిజం. ఒకటి చెప్పి రెండోదాన్ని తుడిచేసుకుంటే అప్పుడది నాటకమే అయితది. వాడు కొంచెం కుదుటపడ్డంక, డాక్టరును అడిగి, వకీలును అడిగి, వాడే ఆయన ముందరికి పోవాలె. మీ అమ్మ పోయి కాళ్లు మొక్కుడు కాదు. ఆయన తిడితే వాడు నిలవడి వినాలె. నష్టం ఎంతో అంత మనం ఇద్దాం, అందుల కొంత వాడు పనిచేసి తీర్చాలె.

పైన ఆడపిల్లల లెక్క రాసిన చూడు, మగపిల్లలకంటే దాదాపు మూడు రెట్లు. అది చదువుతుంటే నాకు నువ్వు యాదికొచ్చినవు. కరీంనగర్ హాస్టల్ నుంచి వారం వారం బస్సెక్కి వచ్చుడు, ఠాణ, వకీలు, అమ్మ ఏడుపు. ఇన్నిటి నడుమ నీ డిగ్రీ పరీక్షలు. నీ ఉత్తరంల నీ గురించి ఒక్క వాక్యం లేదు. డాక్టరు దగ్గర వాని పని అయినంక నువ్వు గూడ ఐదు నిమిషాలు కూసో.

శుక్రవారం మీ బాపుకు సెలవు, ఆ దినం ఫోన్ చేస్త. సోమవారం పొద్దుగాల బస్సుకు నేనే కోరుట్ల వస్త. ఆ లోపల వాని టెన్త్ మెమో, స్కూల్ల పుట్టిన తారీఖు రాసి ఉన్న సర్టిఫికెట్ తీసి జిరాక్సులు చేయించు. వయసు తేల్చేటప్పుడు బోర్డు మొదలు చూసేది వాటినే. అవి లేకుంటే మున్సిపాలిటీ జనన పత్రం, అదీ లేకుంటే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు ఆ వరుసల లేదు, దాని మీద నమ్మకం పెట్టుకోకు.

మీ పెద్దబాపు